‘మీకిది చాలమ్మా’ అన్నవాడి దగ్గర ట్యాబ్ కొనకండి

కాఫీ డబ్బులు చేతికొచ్చిన వారం అది. మా వదిన తొమ్మిది వేలు కొంగున కట్టుకుని, జీపెక్కి పట్నం వెళ్ళింది. ఇద్దరు పిల్లలు. ఒకడు తొమ్మిది, ఒకత్తి ఆరు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను పొద్దున్నే అన్నయ్య జేబులో వెళ్ళిపోతాది, రాత్రికి గానీ రాదు. అందుకని పిల్లలకు ఒక ట్యాబ్ కొందామనుకుంది.

దుకాణంలో అడిగింది ఒక్కటే ప్రశ్న. “మా ఊళ్ళో నెట్ వస్తాదా ఇందులో?”

“ఎందుకు రాదమ్మా, అన్నీ వస్తాయి. మీకిది చాలమ్మా.”

ఊరికి తెచ్చాక చూస్తే దానికి సిమ్ పెట్టే చోటే లేదు. వైఫై మాత్రమే. మా ఊళ్ళో వైఫై ఎక్కడిది? వెనక్కి తీసుకెళ్తే “డబ్బా తెరిచేశారు కదమ్మా, మేమేం చేస్తాం” అన్నారు. బిల్లు లేదు. జీపు చార్జీలు రానూ పోనూ ఇంకో మూడొందలు. ఇప్పుడా ట్యాబ్ మా ఇంట్లో అటక మీద, పాత గొడుగు పక్కన ఉంది.

దుకాణం పేరు చెప్పను. ఆ ఒక్క దుకాణం సంగతి కాదిది. ‘మీకిది చాలు’ అనే మాట సంగతి. ఈ మాట మనకు కొత్తా? రేషన్ బియ్యం దగ్గర విన్నాం. హాస్టల్ దుప్పటి దగ్గర విన్నాం. ఒక్క టీచరున్న బడి దగ్గర విన్నాం. ఇప్పుడు ట్యాబ్ కౌంటర్ దగ్గర వింటున్నాం. మనిషికి ఏం కావాలో అడగకుండా, మనిషిని చూసి సరుకు తీసే పద్ధతి అది.

నేను చెప్పేది ఒక్కటే. చవక ట్యాబ్ అంటే తక్కువ ధర ట్యాబ్ కాదు. మన ఊళ్ళో, మన కరెంటుతో, మన సిగ్నల్‌తో, నాలుగేళ్ళు పనిచేసే ట్యాబే చవక. మిగతాదంతా తక్కువ ధరకు దొరికే ఖరీదైన చెత్త.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. మన దేశమే ఈ తప్పు ఒకసారి చేసి చూపించింది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ‘ఆకాశ్’ అని ఒక ట్యాబ్ విడుదల చేశారు. ప్రపంచంలోనే అతి చవక ట్యాబ్ అన్నారు. ప్రభుత్వానికి పడిన ధర సుమారు 2,250 రూపాయలు. పేద విద్యార్థి చేతిలోకి కంప్యూటర్ వచ్చేసిందని పేపర్లన్నీ రాశాయి. లోపల ఏముంది? 256 ఎంబీ ర్యామ్. గట్టిగా నొక్కితే తప్ప కదలని తెర. సిమ్ లేదు, వైఫై ఒక్కటే. నెమ్మది అని, బ్యాటరీ నిలవదని వాడినవాళ్ళు మొత్తుకున్నారు. ధర ముందు పెట్టుకుని, ఆ ధరలో ఏం పడితే అది ఇరికిస్తే వచ్చేది అదే. ‘పేదోళ్ళకు ఇది చాలు’ అనే ఆలోచనకు ఒక రూపం ఇస్తే ఆకాశ్ అయింది.

తర్వాత మన ఆంధ్రప్రదేశ్. 2022 డిసెంబరు 21న 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. అయిదు లక్షలకు పైనే ఇచ్చారు. అందులో ఒక మంచి పని ఉంది, అది ఒప్పుకోవాలి. పాఠాలు ముందే లోపల వేసి ఇచ్చారు, నెట్ లేకపోయినా చూడొచ్చు. కొండ మీద ఉండే పిల్లలకు అది చాలా పెద్ద విషయం. కానీ ఆ పాఠాలు బైజూస్ అనే ఒక ప్రైవేటు కంపెనీవి. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఏంటి? పరికరం మన చేతిలో ఉంటే చాలదు, పాఠం కూడా మన చేతిలో ఉండాలి. కంపెనీ ఉన్నా ఊడినా తెరుచుకునే ఫైలుగా ఉండాలి.

సరే, అసలు ట్యాబ్ అవసరమా? ఈ ప్రశ్న మన పెద్దోళ్ళూ అడుగుతారు, ఆఫీసర్లూ అడుగుతారు. పెద్దోళ్ళు అడిగితే గౌరవంగా సమాధానం చెప్దాం. పిల్లలు పాడైపోతారని వాళ్ళ భయం, అందులో న్యాయం ఉంది. ఆఫీసర్ అడిగితే మాత్రం తిరిగి ఒక ప్రశ్న వేద్దాం: సార్, మీ పిల్లలకు ఇంట్లో ఎన్ని ఉన్నాయి?

నిజాయితీగా చెప్పాలంటే అందరికీ అవసరం లేదు. ఇంట్లో రెండో ఫోను ఖాళీగా ఉంటే, చదివే పిల్ల ఒక్కతే అయితే, ఆ డబ్బు మేకపిల్ల మీద పెట్టుకోండి. కానీ 2020లో బళ్ళు మూసినప్పుడు ఏం జరిగిందో మర్చిపోకండి. ఆన్‌లైన్ పాఠమని చెప్పి ప్రభుత్వం చేతులు దులుపుకుంటే, సిగ్నల్ కోసం పిల్లలు గుట్టలెక్కారు. ఫోను లేనోళ్ళు ఆ ఏడాది బడి మానేసి పనిలోకి పోయారు. ఒక పాఠ్యపుస్తకం పేజీ అయిదు అంగుళాల ఫోనులో చదివితే కళ్ళు పోతాయి. ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి కూర్చుని చూడాలన్నా, నాన్నమ్మ పట్టా కాగితం ఫొటో పెద్దది చేసి సర్వే నంబరు చదవాలన్నా ట్యాబే నయం. కాబట్టి కొనేవాళ్ళు కొనండి. కానీ అడిగి కొనండి, చూసి కొనండి. ఏం అడగాలో రాస్తున్నా. సంతలో దుంపలు కొనేటప్పుడు గోరు గుచ్చి చూస్తాం కదా, అలాగే.

మొదటిది, సిమ్. పట్నమోళ్ళకు వైఫై ట్యాబ్ చాలు, వాళ్ళింట్లో గోడకు డబ్బా ఉంటాది. మనకు సిమ్ పట్టేదే కావాలి. “ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోండి” అంటాడు దుకాణపోడు. ఫోను అన్నయ్యతో పోడుకు పోయింది, హాట్‌స్పాట్ ఎవరు పెడతారు? గుర్తు పట్టడం చాలా తేలిక. డబ్బా మీద ఐఎంఈఐ అని 15 అంకెల నంబరు ఉందా చూడండి. ఉంటే సిమ్ పడుతుంది. లేకపోతే వాడు ఎన్ని ఒట్లు పెట్టినా పట్టదు. ఆ నంబరు అసలుదో నకిలీదో కూడా తేల్చుకోవచ్చు. కేవైఎం అని ఇంగ్లిషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు కొట్టి 14422కు మెసేజ్ పెట్టండి. ఏ కంపెనీ, ఏ మోడల్ అని తిరిగి వస్తుంది. డబ్బా మీద ఒక పేరు, మెసేజ్‌లో ఇంకో పేరు వస్తే అక్కడే వదిలేసి రండి.

రెండోది, మన టవర్ ఎవరిది? ఇది ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకు 4జీ ఇస్తామని 26,316 కోట్ల రూపాయల పథకానికి ఒప్పుకుంది. ఆ పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించారు. అంటే మన కొండల్లో కొత్తగా లేస్తున్న టవర్లలో చాలా వాటి మీద బీఎస్ఎన్ఎల్ ఉంటుంది. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700 మెగాహెర్ట్జ్ తరంగాలున్నాయి, దాన్ని బ్యాండ్ 28 అంటారు. 2100 కూడా ఉంది, అది బ్యాండ్ 1. తరంగం సంఖ్య ఎంత తక్కువైతే అంత దూరం పోతుంది, చెట్లను గోడలను అంత బాగా దాటుతుంది. కొండ ప్రాంతానికి 700 బంగారం లాంటిది. కానీ మీ ట్యాబ్‌లో బ్యాండ్ 28 లేకపోతే, టవర్ కింద నిలబడినా ఆ బంగారం మీకు అందదు. జియోకు 3, 5, 40 బ్యాండ్లు. ఎయిర్‌టెల్‌కు 1, 3, 8, 40. కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ పేరు కొడితే బ్యాండ్ల జాబితా ఉంటుంది. మీ ఊరికి ఏ టవర్ దగ్గరో ముందు తేల్చుకోండి, తర్వాత జాబితా చూడండి, తర్వాతే దుకాణానికి వెళ్ళండి. పట్నంలో సిగ్నల్ వచ్చిందని మోసపోవద్దు. పట్నంలో అన్నీ వస్తాయి.

మూడోది, లెక్కల మోసం. “8 జీబీ ర్యామ్ అమ్మా” అంటాడు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో 4 కూడిక 4 అని ఉంటుంది. అసలు ర్యామ్ 4. మిగతా 4 స్టోరేజీలోంచి అరువు తెచ్చింది, దాని వేగం అంతంతే. ఇంటి అవసరానికి నిజమైన 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, పైన మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఉంటే సరిపోద్ది. 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ ఉన్నవి తీసుకోవద్దు. ఆ 32లో పెద్ద ముక్క సిస్టమే తినేస్తుంది. ఆర్నెల్లకు “స్థలం లేదు” అని ఏడుస్తుంది. ఇక పేరూ ఊరూ లేని కంపెనీవి 12 జీబీ, 512 జీబీ అని నాలుగైదు వేలకే ఇస్తామంటారు. సెట్టింగుల్లో కూడా అంతే చూపిస్తాయి, ఎందుకంటే అబద్ధం చూపించేలా వాటిని తయారు చేస్తారు. నాలుగు సినిమాలు ఎక్కించగానే పాతవి చెడిపోతాయి. ఒక గుర్తుంది. మన దేశంలో అమ్మే ప్రతి ట్యాబ్ బీఐఎస్ దగ్గర నమోదు కావాలి. ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరు తయారు చేశారో చూపిస్తుంది. ఆ నంబరు లేని సరుకు ముట్టుకోవద్దు.

నాలుగోది, కరెంటు. వానాకాలం మూడు రోజులు కరెంటు పోవడం మనకు కొత్త కాదు. బ్యాటరీ 5,000 ఎంఏహెచ్‌కు తగ్గకూడదు. చార్జింగ్ సూది టైప్ సీ ఉండాలి, ఇంట్లో ఫోను వైరే దానికీ సరిపోతుంది. 5,000 ఎంఏహెచ్ అంటే సుమారు 19 వాట్ అవర్లు. 10 వాట్ల చిన్న సోలార్ పలక మంచి ఎండలో ఆరు ఏడు వాట్లు ఇచ్చినా మూడు నాలుగు గంటల్లో నిండిపోద్ది. వానాకాలం అంత ఎండ ఉండదు, నిజమే. అందుకే పెద్ద తెర కోసం ఆశపడొద్దు. 11 అంగుళాల తెర ఎక్కువ కరెంటు తాగుతుంది, పగిలితే ఖర్చూ ఎక్కువే. ఎనిమిది తొమ్మిది అంగుళాలది బడి సంచిలో పడుతుంది, ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుని చూడొచ్చు.

అయిదోది, భాష. ఇది మనం తప్ప ఎవరూ అడగరు. గోండి భాషకు రెండు లిపులు యూనికోడ్‌లో ఉన్నాయి. మసరాం గోండి 2017లో, గుంజాల గోండి 2018లో చేరాయి. గుంజాల అంటే ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో ఊరు. సవరల సొరాంగ్ సొంపెంగ్ లిపి అంతకు ముందే, 2012లో చేరింది. అంటే ఈ అక్షరాలు ప్రపంచంలో ఏ పరికరంలోనైనా కనపడే హక్కు సంపాదించుకున్నాయి. ఇక మీ చేతిలో ట్యాబ్ వాటిని చూపిస్తుందా లేదా అన్నదే మిగిలింది. మీ లిపిలో ఒక వాక్యం ఫోనులో దాచుకుని వెళ్ళండి. దుకాణంలో ట్యాబ్‌కు పంపి తెరవండి. అక్షరాలు వస్తే మంచిది. ఖాళీ డబ్బాలు వస్తే ఆ ట్యాబ్‌కు మన భాష రాదు. కొనాలా వద్దా మీ ఇష్టం, కానీ దుకాణపోడికి, కంపెనీకి ఆ మాట చెప్పి రండి. అడిగేవాడు లేకపోతే పెట్టేవాడూ ఉండడు.

ఆరోది, బిల్లు, మరమ్మతు. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తానంటాడు. ఆ వెయ్యి మా వదిన అటక మీద ఉంది, వెళ్ళి చూడండి. ట్యాబ్ మీద జీఎస్టీ 18 శాతం, అది మనం కట్టేదే. కడుతున్నప్పుడు కాగితం తీసుకోవాలి. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో ముందే అడగండి. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్లకు పైనే. రెండుసార్లు తిరిగితే ఒక రోజు కూలి కాదు, నాలుగు రోజుల కూలి పోతుంది. తెలిసిన కంపెనీది కొంటే చిన్న పట్నంలోనైనా తెర దొరుకుతుంది, బ్యాటరీ దొరుకుతుంది. మోసపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొన్న సరుకైతే ఫీజు కూడా లేదు. అందుకే బిల్లు. బిల్లు లేకపోతే మనం ఆ సరుకు కొన్నట్టే లెక్క కాదు.

వాయిదాల సంగతి కూడా చెప్పాలి. “సున్నా వడ్డీ” అంటారు. ప్రాసెసింగ్ ఫీజు, బీమా, ఇంకేదో అని కలిపి చివరికి ఎంత కట్టాలో ఒక కాగితం మీద రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. కాఫీ డబ్బు, తునికాకు డబ్బు ఏడాదికొకసారి వస్తాయి, వాయిదా నెలనెలా వస్తుంది. ఈ రెండూ కలవవు. షావుకారు అప్పు ఎలా పెరుగుతుందో మన తాతలకు తెలుసు. ఇప్పుడు షావుకారు చొక్కా మార్చుకుని వచ్చాడు, అంతే. చేతిలో డబ్బు లేకపోతే నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఒకటి కొనండి. ఒక రోజు ఒక ఇంట్లో. మనకు కలిసి దున్నుకోవడం తెలుసు, కలిసి చదువుకోవడం తెలీదా?

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆరు వేల ట్యాబ్ ఏడాదికి మూలన పడితే ఏడాదికి ఆరు వేలు. పన్నెండు వేల ట్యాబ్ నాలుగేళ్ళు పనిచేస్తే ఏడాదికి మూడు వేలు. ఏది చవక? ఒకే మోడల్‌లో సిమ్ ఉన్నదానికి, లేనిదానికి తేడా మామూలుగా వెయ్యి నుంచి మూడు వేల దాకా ఉంటుంది. అక్కడ మిగిల్చిన డబ్బే అన్నిటికన్నా ఖరీదైన డబ్బు. ఆ మొత్తం లేకపోతే ఇంకో పంట దాకా ఆగండి. ఆగడం ఓడిపోవడం కాదు.

కొన్నాక అయిపోలేదు. ఊరికి తెచ్చేముందు, నెట్ బాగా వచ్చే చోట కూర్చుని నింపుకోండి. దీక్ష యాప్‌లో పాఠాలు దించుకోవచ్చు, పాఠ్యపుస్తకం మీద క్యూఆర్ కోడ్ కొడితే తెరుచుకుంటాయి. పుస్తకాలు పీడీఎఫ్‌గా దించుకుని మెమరీ కార్డులో పెట్టండి. కివిక్స్ అనే యాప్‌లో తెలుగు వికీపీడియా మొత్తం దించుకోవచ్చు, తర్వాత నెట్ అక్కర్లేదు. అటవీ హక్కుల పట్టా, కుల ధ్రువపత్రం ఫొటోలు తీసి దాచుకోండి. తెరకు తాళం పెట్టండి. డబ్బు పంపే పనులు ట్యాబ్‌లో పెట్టొద్దు, అది పిల్లల చేతిలో ఉండే వస్తువు.

చివరిగా ఒక మాట. ఇది ఒక్కో ఇంటి తెలివితో తీరిపోయే సంగతి కాదు. రేపు ఐటీడీఏ వాళ్ళో, బడి వాళ్ళో మళ్ళీ ట్యాబ్‌లు ఇస్తారు. ఫొటోలు దిగుతారు. ఆ రోజు మనం చప్పట్లతో సరిపెట్టొద్దు. సిమ్ ఉందా, మన టవర్ బ్యాండ్ ఉందా, పాఠాలు కంపెనీ తాళం లేకుండా ఉన్నాయా, మన లిపి కనపడుతుందా, చెడిపోతే బాగుచేసేవాడు సంత రోజున మన దగ్గరికి వస్తాడా అని అయిదు ప్రశ్నలు గ్రామసభలో తీర్మానంగా రాసి, సంతకాలు పెట్టి ఇద్దాం. కొనకముందే ఇద్దాం. కొన్నాక ఇస్తే “డబ్బా తెరిచేశారు కదా” అంటారు.

మా వదిన మళ్ళీ డబ్బు దాస్తోంది. ఈసారి నేనూ తోడు వెళ్తున్నా. ఈ కాగితం ఆమె చదివించుకుని విన్నది. విని ఒకటే అంది: “అయితే ఈపాలి ఆడు ‘మీకిది చాలు’ అంటే, ‘నీకు చాలేమో బాబూ, మాకు చాలదు’ అంటాను.”

అదే చెప్పండి, అందరూ. ఈ రాత కొనబోయేవాళ్ళకు పంపండి. చదవడం రానోళ్ళకు చదివి వినిపించండి.

జోహార్.